తాళం వేసే ముందు మేడమ్ అడిగే మాట

మాకు కంప్యూటర్ నేర్పిన మేడమ్ పోయారన్న కబురు నాకు ములకలపల్లి బస్టాండులో తెలిసింది. మా బ్యాచ్ అమ్మాయిల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక్క వాక్యం పెట్టారు. గుండెపోటట, పొద్దున టీ పెట్టుకుంటూనే ఒరిగిపోయారట. ఫోన్ చూస్తూ నిలబడిపోయాను, ఎక్కాల్సిన బస్సు నా ముందే వెళ్లిపోయింది. తర్వాతి బస్సులో భద్రాచలం చేరేసరికి ఆమెను తీసుకెళ్లిపోయారు. కడసారి చూపు దక్కలేదన్న బాధతోనే ఇది రాస్తున్నాను.

మేడమ్‌ది మధిర వైపు. పెళ్లయ్యాక భద్రాచలం వచ్చారు. జిరాక్స్ షాపు పైన ఒక గది కిరాయికి తీసుకుని, పాత కంప్యూటర్లతోనే అడవి ఊళ్ల నుంచి వచ్చే మా లాంటి వాళ్లకు వెబ్ పేజీలు చేయడం నేర్పేవారు. కోపం ముక్కు మీదే ఉండేది. అయినా మా కీబోర్డును ఏనాడూ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని మా కుర్చీ వెనక నిలబడి, "ఏంది తల్లీ, అది నీ మాట వినట్లేదా, నువ్వు దాని మాట వినట్లేదా?" అని దెప్పేవారు. కరెంటు పోతే ఇక ఇంటికి పంపిస్తారని మేం సంబరపడేవాళ్లం. ఆమె నోటుబుక్కులు తీయించి, రాసిన కోడ్‌ను ఒక్కొక్కరి చేత పైకి చదివించేవారు.

సాయంత్రం తాళం వేసే ముందు గుమ్మంలో నిలబడి, "ఇంకా ఎవరన్నా ఉన్నారా?" అని లోపలికి అడిగేవారు. ఒక్క చూపుకు మొత్తం కనిపించేంత చిన్న గది అది. లోపల ఎవరూ లేరని తెలుస్తూనే ఉండేది. అయినా అడిగి, కాసేపు ఆగి, అప్పుడు తలుపు వేసేవారు. మేం మెట్ల మీద నిలబడి నవ్వుకునేవాళ్లం.

మా కోర్సు అయిపోయిన ఏడాది గోదావరి పొంగింది. ముంపు ఊళ్ల వాళ్లకు ఒక బడిలో శిబిరం పెట్టారు. ఎవరికి ఏ మందులు కావాలో రాసుకోవడానికి అక్కడి వాలంటీర్లకు ఒక వెబ్ పేజీ చేసిచ్చాను. అది నా మొదటి సొంత పని. తమ గురించి ఏం రాశారో ముసలివాళ్లకు కనపడాలి కదా అని వాలంటీర్లు అడిగితే, "పెద్ద అక్షరాలు" అనే బటన్ పెట్టాను. అది నొక్కితే పేజీలో ఉన్నదంతా ఒక కొత్త డబ్బాలోకి, అంటే డివ్‌లోకి వెళ్లాలి. ఆ డబ్బాలో అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి. జావాస్క్రిప్ట్‌లో దీనికి నేను అడ్డదారి పట్టాను. పేజీలో ఉన్నదాన్నంతా ఒక రాతగా తీసుకుని, ముందూ వెనకా డివ్ ట్యాగులనే గుర్తులు తగిలించి, తిరిగి అక్కడే అతికించేశాను. ఒక్క లైనులో పనైపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మరునాడు బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. ఒక తాత వచ్చి ఊరు, పేరు చెప్పాడు. ఆయన భార్య, ఆ అవ్వ, వేసుకునే ఫిట్స్ గోలీలు పడవెక్కే హడావుడిలో ఇంట్లోనే ఉండిపోయాయట. నానిపోయిన దవాఖానా చీటీ విప్పి పట్టుకుంటే, మందు పేరు కూడబలుక్కుని పేజీలోని గడుల్లో ఎక్కించాను.

"నా కంటికి ఆనుతలేదు బిడ్డా, జర పెద్దగ చెయ్యి" అన్నాడు తాత.

బటన్ నొక్కాను. అక్షరాలు పెద్దవయ్యాయి కానీ గడులన్నీ ఖాళీ. 'పంపు' అనే బటన్ ఎంత నొక్కినా పలకలేదు.

"నెట్ పోయింది తాతా" అన్నాను.

"నెట్ గూడ వరదలనే పోయిందా? గవన్నీ మళ్ల చెప్పాల్నా?" అన్నాడు. నేను బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉన్నాను. "వచ్చినంక పిలువు, ముసల్దాని కాడ కూసుంట" అని వెళ్లిపోయాడు.

ఫోన్ చేస్తే మేడమ్ వానలో గొడుగేసుకుని వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని నా కోడ్ చూశారు.

"నువ్వు వాటిని డబ్బాలో పెట్టలేదమ్మా. ఉన్నవాటిని పడేసి, అలాంటివే కొత్తవి చేశావు. పాత గడిలో రాసింది కొత్త గడికేం తెలుసు? పాత బటన్‌కు అప్పజెప్పిన పని కొత్త బటన్‌కేం తెలుసు? ఉన్నవాటినే ఒక్కోదాన్ని తీసుకెళ్లి లోపల పెట్టు."

మొత్తం ఎన్నో లెక్కపెట్టి, వరుస నంబర్లతో ఒక్కోదాన్ని డబ్బాలోకి పంపాను. ఒకటి విడిచి ఒకటి బయటే మిగిలిపోయాయి.

"ముంపు ఊళ్ల వాళ్లను పడవ ఎక్కించేటప్పుడు చూశావు కదా" అన్నారు మేడమ్. "ముందున్న మనిషి ఎక్కితే వెనకాయన ముందుకు జరిగి ఒకటో నంబర్ అవుతాడు. నువ్వేమో రెండో నంబర్ రావాలి అంటున్నావు. ఆ జరిగినాయన్ని ఎవరు పిలుస్తారు? నంబర్లొద్దు. ముందు ఎవరుంటే వాళ్లనే ఎక్కించు. ఇంకా ఎవరన్నా ఉన్నారా అని అడుగు. ఎవరూ లేనప్పుడే ఆపు."

అలాగే రాశాను. పేజీలో మొదటిది అంటూ ఒకటి ఉన్నంతసేపూ దాన్ని తెచ్చి డివ్‌లో పెట్టడం, ఏదీ మిగలనప్పుడు ఆ డివ్‌ను పేజీలో పెట్టడం. ఈసారి బటన్ నొక్కినా గడుల్లో రాసింది రాసినట్టే ఉంది, 'పంపు' కూడా పలికింది.

తాతను పిలవడానికి లేస్తుంటే మేడమ్ ఆపారు. "పెద్దాయనకు ఏం చెప్పావు?"

"నెట్ పోయిందని చెప్పిన మేడమ్."

"పోయి నిజం చెప్పిరా. తర్వాతే ఈ కుర్చీలో కూర్చో."

అవ్వ పక్కన గోడకు ఆనుకుని ఉన్నాడు తాత. "నెట్ పోలేదు తాతా. నేను తప్పు రాసిన. నువ్వు చెప్పినయన్నీ నా వల్లనే పోయినయ్" అన్నాను.

"అవ్, గట్లనా" అన్నాడు తాత. తర్వాత మడిచిన చీటీ మళ్లీ విప్పాడు. "ఇగ రాస్కో." సాయంత్రానికి గోలీలు వచ్చాయి.

వెబ్ పేజీలు చేసే ఈ ఉద్యోగంలో ఆ తర్వాత కూడా చాలా తప్పులు చేశాను. ఏ ఒక్కటీ నెట్ మీదికి తోయలేదు. ఆ బుద్ధి ఆమె పెట్టిందే. ఆ మాట ఆమెకు ఒక్కసారైనా చెప్పలేదు, అదే నా దిగులు.

పదకొండో రోజు అయ్యాక, గది ఖాళీ చేయాలని మేడమ్ వాళ్లాయన, మా సార్, మమ్మల్ని పిలిచారు. కంప్యూటర్లు, కుర్చీలు, ఆమె టీ ఫ్లాస్కు, కరెంటు పోయినప్పుడు చదివిన నోటుబుక్కులు అన్నీ ఒక్కొక్కటే కిందికి దించాం. సార్ తాళం నా చేతికిచ్చారు.

గుమ్మంలో నిలబడ్డాను. బల్లలు రాసుకున్న గీతలు తప్ప లోపల ఏమీ లేదు.

"ఇంకా ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాను.

మెట్ల మీద మా వాళ్లంతా ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. తాళం చేత్తో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.