వట్టి పిండి చేసిన మేలు

సైన్స్ పార్కులోని ఒక ప్రైవేటు పరిశోధన సంస్థలో ఫార్మసిస్టుగా నా ఆఖరి ఉద్యోగం, కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడు మొదలైంది. భ్రాంతి కలిగించే పుట్టగొడుగుల మందును, మత్తు తెలియనంత స్వల్ప మోతాదులో ఆరోగ్యవంతులకిస్తే మనసు చురుకవుతుందా అన్నది మా అధ్యయనం. విదేశాల్లో పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళు దీన్ని కాఫీలా పుచ్చుకుంటున్నారని మా డైరెక్టరు మురిసిపోయేవారు. నేను వలస వచ్చిన ఈ దేశంలో అదే పదార్థం జేబులో దొరికితే జైలు. అందుకే ప్రత్యేక అనుమతితో, గుళిక మా క్లినిక్కులోనే మింగించి, సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపేవాళ్ళం.

సగం మందికి మందు, మిగతా సగానికి అదే రంగు గుళికలో వట్టి పిండి. ఎవరికి ఏది వెళుతోందో డాక్టర్లకూ తెలియదు, మింగేవాళ్ళకూ తెలియదు. గుళికలు నింపే నాకు తెలుసు. నోరు మెదపకపోవడమే నా ఉద్యోగం.

నగర శివారు పేట అయిన బుకిట్ పంజాంగ్‌లో ఉండే రవికిరణ్ అనే కాకినాడ ఇంజనీరు ఇందులో చేరాడు. కొద్ది వారాలకే కోపం పోయిందన్నాడు. కూతురికి ఓపికగా లెక్కలు చెబుతున్నానన్నాడు. రైల్లోంచి చూస్తే చెట్ల ఆకులు ఒక్కొక్కటే కనబడుతున్నాయన్నాడు. డైరెక్టరు పరవశించిపోయి, అధ్యయనం ముగియకుండానే పెట్టుబడిదారుల సభలో అతడి చేత మాట్లాడించారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అతడు మింగుతున్నది పిండి.

అంతా ముగిశాక రహస్యం విప్పారు. రెండు గుంపులూ ఒకే తీరుగా బాగుపడ్డాయి. ఎవరు ఏది మింగారో ఎవరికీ చెప్పవద్దనీ, వాళ్ళ సంతోషం పాడుచేయడమెందుకనీ, డైరెక్టరు ఉన్నట్టుండి దయామయులైపోయారు. చెబుతామని చేరేటప్పుడే మాటిచ్చామనీ, చెప్పకపోతే ఎథిక్స్ కమిటీకి నేనే రాస్తాననీ అన్నాను. అయితే ఆ తెలుగాయనకు మీరే చెప్పండన్నారు.

రవికిరణ్ భార్య సునీతతో కలిసి వచ్చాడు. విషయం చెప్పాను.

"ఆకులు నేను కళ్ళారా చూశాను ఆంటీ. గుళికలు మారిపోయాయేమో, ఒకసారి చెక్ చెయ్యరా?"

నింపింది నేనేననీ, మారలేదనీ చెప్పాను. చేతిలోది ఎవరో లాక్కున్నట్టుంది అతడి ముఖం.

"అంటే పాప మీద అరవకుండా ఉండటం మీకు చేతనవునన్నమాట," అంది సునీత నింపాదిగా. "ఇన్నేళ్ళూ చెయ్యలేదంతే."

కొన్నాళ్ళకు సునీత మార్కెట్లో కనబడింది. రవికిరణ్ ఇంకా లెక్కలు చెబుతూనే ఉన్నాడట, మానడానికి సాకు దొరకక.

డైరెక్టరు మాత్రం మోతాదు చాలలేదని తేల్చి, రెట్టింపు మోతాదుతో కొత్త అధ్యయనానికి దరఖాస్తు పెట్టారు. నేను పదవీ విరమణ తీసుకున్నాను. ఆ ఉద్యోగంలో తెలుసుకున్నది ఇది: ఆరోగ్యవంతులకు ఇలాంటి మందు ఇచ్చి చూసేటప్పుడు, ముందుగా వాళ్ళు వెంట తెచ్చుకున్న ఆశను కొలవాలి. అంతకన్నా ముందు, ఇచ్చేవాడి ఆశను కొలవాలి.