ముందే పెట్టిన టిక్కు

మొన్న మా ఆఫీసులో కొత్త కంప్యూటర్లకు పూజ చేశారు. ఏసీ గదిలో కర్పూరం వాసన బయటికి పోయే దారిలేక నా సీటు చుట్టూనే తిరిగింది. ఆ వాసన తగిలితే నాకు దేవుడు గుర్తురాడు, సుభద్ర మేడమ్ గుర్తొస్తారు. నాకు పని నేర్పింది ఆవిడే, ఎదురు తిరగడం నేర్పిందీ ఆవిడే.

ఊరంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలసిన రోజులవి. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా పై అంతస్తులో మా కంపెనీ ఉండేది. సినిమా ఎడిటింగ్‌కు సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఫిల్మ్‌నగర్ స్టూడియోలకు అమ్మేవాళ్ళం. వెంగళరావు నగర్ నుంచి స్కూటీ మీద వచ్చే సుభద్ర మేడమ్ మా టీమ్‌కు పెద్ద. నేను కొత్తగా చేరిన ప్రోగ్రామర్‌ని. మా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక తెర మీద ‘క్లీన్ ఇన్‌స్టలేషన్’ అని వచ్చేది. దాని పక్కన ముందే టిక్కు పెట్టి ఉండేది. దాన్ని అలా వదిలేస్తే పాత వెర్షన్‌తో పాటు అందులో చేసిన పనంతా చెరిగిపోతుంది. ఆ ముక్క మాత్రం తెర మీద ఎక్కడా ఉండదు. టిక్కు తీసేద్దామని మేడమ్ ఎన్నిసార్లు చెప్పినా మా యజమాని చెవికెక్కలేదు. పాత ఫైళ్ళు మిగిలితే ఇబ్బందులొస్తాయని, వాటి గురించి స్టూడియోవాళ్ళు ఫోన్లు చేసి విసిగిస్తారని ఆయన వాదన.

సినిమావాళ్ళు ముహూర్తం చూడకుండా ఏదీ మొదలుపెట్టరు కదా, సాఫ్ట్‌వేరైనా అంతే. ఫిల్మ్‌నగర్‌లోని ఒక ఎడిటింగ్ గదిలో మా కొత్త వెర్షన్ ఎక్కించడానికి మానిటర్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. “ముహూర్తం దాటిపోతోంది, కానివ్వండి” అని పంతులుగారు తొందరపెడుతుంటే, ఎడిటర్ మూర్తిగారు వచ్చిన ప్రతి తెర మీదా ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోయారు. హారతి అయ్యేసరికి కొత్త వెర్షన్ ఎక్కింది. షూటింగ్ రీళ్ళు భద్రంగానే ఉన్నాయి గానీ, కత్తిరించి వరసగా పేర్చిన నెలల పని మాయమైంది.

మూర్తిగారిని సినిమా నుంచి తీసేస్తానని నిర్మాత పట్టుబట్టి కూర్చున్నాడు. మా యజమాని మేడమ్‌ను పిలిచారు.

“వెళ్ళి అది ఎడిటర్ పొరపాటని చెప్పి రండి మేడమ్. చదవకుండా నొక్కితే మనమేం చేస్తామండీ?”

“నేను జెప్ప సార్. గాయన తప్పేముంది? ముందుగాల టిక్కు పెట్టింది మనం.”

“చూసుకోవాలి కదండీ!”

“తీరికున్నోళ్ళు ఎట్లైనా సదువుకుంటరు. తొందర్ల ఉన్నోళ్ళకే మనం సక్కగ రాయాలె.”

అని, నన్ను స్కూటీ ఎక్కించుకుని నేరుగా ఫిల్మ్‌నగర్ వెళ్ళారు. గదిలో నిర్మాత ముందు మూర్తిగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. “నాదే తప్పండీ, చూసుకోలేదు” అంటున్నారు.

“మీరు ఊకోండ్రి మూర్తిగారూ” అని మేడమ్ నిర్మాతవైపు తిరిగారు. “సార్, తప్పు మాది. అడగాల్సింది సీదా అడగలే. మీకు కోపముంటే మమ్మల్ని తిట్టుండ్రి, ఈయన పని తియ్యకుండ్రి.”

ఒక కంపెనీ మనిషి తన కంపెనీదే తప్పని చెప్పడం ఆ నిర్మాత ఎన్నడూ చూసి ఉండడు. మూర్తిగారిని తీసెయ్యలేదు.

మర్నాడు మేడమ్ ఆ తెర మార్చేశారు. ‘మీరు ఇంతకుముందు ఎడిట్ చేసిన పనిని ఉంచాలా, చెరిపేయాలా?’ అన్న ప్రశ్న, ‘ఉంచాలి’ దగ్గర టిక్కు. పాతది తిరిగి పెట్టకపోతే ఉద్యోగం ఉండదని యజమాని అన్నారు. “మంచిది సార్” అని మేడమ్ టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని వెళ్ళిపోయారు. అప్పట్లో ఉద్యోగాలు పిలిచి ఇచ్చేవారని ఇప్పుడు అందరూ అంటారు. ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్న ఆవిడను ఎవరూ పిలిచి ఇవ్వలేదు. ఆ తర్వాత చాలాకాలం మధురానగర్‌లో ట్యూషన్లు చెప్పుకున్నారు. ఇప్పటికీ నాకు ఆ కోపం పోలేదు.

ఆవిడ వెళ్ళిన సాయంత్రం పాత తెర తిరిగి పెట్టమని యజమాని నాకే చెప్పారు. “నేను పెట్టను సార్” అన్నాను. ఆ తర్వాత ఎన్ని కంపెనీలు మారినా ఆ మాట మారలేదు. “వాడేవాళ్ళెలాగూ చదవరు కదా” అని ఎవరైనా అంటే ఒళ్ళు మండుతుంది. చదవరనే కదా, అడిగేదేదో తిన్నగా అడుగుదామంటున్నాను! నన్ను మొండిదని అంటారు. అననీ.