నాయుడుపేటలో బోర్డు లేని మీటింగు

పోయిన నెల మా ఆయన తాగి పడవలోంచి సముద్రంలో పడ్డాడు. చేతిలో వల వదిలేసి ఆయన్ని పైకి లాగింది మా మరిది. ఒడ్డుకు వచ్చాక మా ఆయన పడవను తిట్టాడు, అలను తిట్టాడు. మా మరిది మాత్రం నాతో ఒకటే మాట అన్నాడు. "వదినా, తాగుడు మానే మీటింగుకు అన్న మూడు ఆదివారాలు పోయొస్తేనే పడవెక్కేది. లేకుంటే నేను వేరే మనిషిని చూసుకుంటా."

వేట తప్ప మా ఆయనకు ఇంకో పని రాదు. ఆయన రోజంతా ఇంట్లో కూర్చుంటే నా గతి ఏమిటో నాకు తెలుసు. అందుకే బయలుదేరాము.

ఆదివారం పదకొండు గంటలకు, నాయుడుపేటలో చర్చి వెనక గదిలో మీటింగు ఉంటుందని మా ఊరి ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. పల్లె నుంచి వాకాడుకు షేర్ ఆటో. అక్కడ దోసెలు తిని ఎనిమిదిన్నర బస్సు ఎక్కాము. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టిక్కెట్టు ఉచితం. మా ఆయన తన టిక్కెట్టుకు డబ్బులు తీస్తూ గొణుగుతుంటే, "తాగనోళ్లకు ఊరికేనంట" అన్నాను. కండక్టరు నవ్వాడు. ఆయన నవ్వలేదు.

పక్క సీట్లో ఆకుకూరల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. "యాడికి పోతుండారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "మోకాళ్ల నొప్పులు పెద్దమ్మా, డాక్టరు కాడికి" అన్నాడు. ఇక ఆమె వావిలాకు ఎట్లా కాచాలో, ఎట్లా కాపడం పెట్టాలో దారంతా చెప్పింది. నాయుడుపేటలో ఆమె చూస్తుందని ఆయన కుంటుకుంటూ దిగాడు.

అప్పటికి పది దాటింది. చర్చి కనిపించింది గాని, దాని వెనక వీధిలో మీటింగు గది ఏదో తెలియలేదు. నేను యాభై దాటాక పొదుపు సంఘం వాళ్ల రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటి నుంచి బోర్డు కనబడితే చదవకుండా వదలను. ఆ వీధిలో చెప్పుల కొట్టు నుంచి పళ్ల డాక్టరు దాకా అన్నీ చదివాను. నాకు కావలసింది ఒక్కటీ లేదు. చివరికి ఒక ఆటో అబ్బాయిని అడిగాను.

"నాయనా, తాగుడు మానే మీటింగు యాడ?"

"తాగేదానికైతే కళ్లు మూసుకుని తీసకపోతానమ్మా. మానేదానికి యాడో నాకు తెలీదు!"

వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన నాలుగు కొట్ల అవతల నిలబడి, నేనెవరో తెలియనట్టు అరటిపళ్లు బేరం చేస్తున్నాడు.

పక్కనే టీ కొట్లో ఫ్లాస్కు నింపుకుంటున్న ఒక పెద్దాయన మెల్లగా దగ్గరికి వచ్చాడు. "బోర్డు పెట్టరమ్మా, వచ్చేవాళ్లకు నామోషీ గదా. నేను గూడా ఆడికే. ఆయన్ని పిలువు" అన్నాడు.

గదిలో పది మందిలోపే ఉన్నారు. ఆ రోజు ఇంటివాళ్లు కూడా కూర్చోవచ్చు గనుక నన్ను ఉండమన్నారు. అక్కడ విన్న పేర్లు, మాటలు బయట చెప్పకూడదట. పేరు చెప్పకపోవడం నాకు కొత్త కాదు, పెళ్లయిన నాటి నుంచి మా ఆయన పేరు నేను పలికిందే లేదు. కాబట్టి మా ఇంటి మాట ఒక్కటే రాస్తాను.

ఆయన వంతు వచ్చింది. లేచి, "నాకేం లేదు. మా ఇంటిది రమ్మంటే వచ్చినా" అన్నాడు.

"మేం గూడా ఎవురో ఒకరు ఈడ్చుకొస్తే వచ్చినోళ్లమేలే అబ్బయ్యా. కూచో" అన్నాడు ఫ్లాస్కు పెద్దాయన.

కూర్చున్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే మాట్లాడారు. ఎవరూ పిలవకుండానే ఆయన మళ్లీ లేచాడు.

"అల కొట్టి పడినానని చెప్తా వచ్చినా. అల లేదు. తాగి పడినా. మా తమ్ముడు వల వదిలేసి నన్ను పట్టుకున్నాడు. కొత్త వల."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నీతులు చెప్పలేదు. ఆయన చేతికి టీ గ్లాసు ఇచ్చారు.

వచ్చేటప్పుడు ఫ్లాస్కు పెద్దాయన తన ఫోను నంబరిచ్చి, "తాగాలనిపిస్తే ముందు నాకు ఫోన్ చెయ్" అన్నాడు.

బస్టాండు పక్కన భోజనం చేసి మూడు గంటల బస్సు ఎక్కాము. సగం దారిలో ఒక సెంటర్లో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. అక్కడ వైన్ షాపు బస్సు కిటికీలోంచే కనబడుతుంది. "బీడీ కాల్చుకోనొస్తా" అని ఆయన దిగాడు. నేరుగా ఆ షాపు వైపే నడిచాడు. నేను లేవబోయి ఆగాను. ఈడ్చుకు రావడం ఒకసారికే చెల్లుతుంది. షాపు ముందు నిలబడి, జేబులోంచి ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు. డ్రైవరు హారను కొట్టేదాకా తీయలేదు.

ఎక్కి కూర్చున్నాక అడిగాను, "ఏమన్నాడు?"

"వాళ్ల గేదె ఈనిందంట మే. పెయ్యదూడ."

"దానికి ఇంతసేపా?"

"బస్సు కదిలేదాకా ఫోను పెట్టేయొద్దన్నాడు. దాని నొసటి మీద చుక్క యాడుండాదో గూడా చెప్పినాడు."

మిగతా రెండు ఆదివారాలు ఎట్లా గడుస్తాయో నాకు తెలియదు. వాకాడు నుంచి వచ్చే ఆటో దిగి పల్లెలోకి నడిచేటప్పుడు ఎప్పుడూ నేను ఆయన వెనకే ఉంటాను, పడితే పట్టుకోవడానికి. ఆ సాయంత్రం కూడా వెనకే ఉన్నాను. ఆయన గబగబా నడిచిపోతుంటే అందుకోలేక, "కాస్త మెల్లగా పో" అని అరిచాను.