బయల్దేరేవాణ్ణి అడిగిన ప్రశ్న

ఆఫ్రికాలోనూ అమెరికా ఖండాల ఆదివాసుల్లోనూ ప్రశ్న ఎలా అడుగుతారు, మాటల్లో ముఖ్యమైనదాన్ని ఎలా ఎత్తి చూపుతారు అన్నది నా పరిశోధన. ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్పేస్తుంటాను. హౌసా భాషలో ఏ మాటకు బరువివ్వాలో దాన్ని వాక్యం మొదటికి తెస్తారు, దాంతో క్రియ రూపు కూడా మారుతుంది. కెచువాలో ఆ మాటకే ఒక తోక తగిలిస్తారు. ప్రశ్నకో తోక, నొక్కి చెప్పడానికో తోక. మన తెలుగూ ఇంచుమించు అంతే. ఇంత చెప్పే నేను నైజీరియానైనా పెరూనైనా చూసింది పటంలోనే.

మొన్న ఎండాకాలం బొగ్గుగనుల పక్కనున్న సెంటినరీ కాలనీలో అక్కావాళ్ల క్వార్టర్‌కు వెళ్లాను. సదస్సులో చదవాల్సిన వ్యాసానికి తెలుగు ఉదాహరణలు కావాలి, అవీ ఇంట్లో పుట్టినవి కావాలి. పొద్దున్నే బావ ఫస్టు షిఫ్టుకు తయారై గడప దాటుతున్నాడు. నేను ఫోన్లో రికార్డింగ్ నొక్కి, ఎంతో శాస్త్రీయంగా అడిగాను.

"ఏడికి పోతున్నవ్ బావా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. బావ వెనక్కి వచ్చి, బూట్లు విప్పి కుర్చీలో కూర్చున్నాడు.

బొగ్గుబావిలోకి దిగేవాణ్ణి బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడగకూడదు. అడిగితే అతను మళ్లీ కూర్చుని, మంచినీళ్లు తాగి, కాసేపాగి లేవాలి. నాకిది తెలియక కాదు. మా నాన్నా బావిలోనే చేశాడు. చిన్నప్పుడు ఈ ప్రశ్నకే నా వీపు విమానం మోత మోగింది. పీహెచ్‌డీ వచ్చి ఆ ఒక్క జ్ఞానాన్నీ తుడిచిపెట్టింది.

అక్క నీళ్ల చెంబుతో వచ్చింది. "గంత సదివినవ్, బాయికి పోయేటోన్ని ఏడికని అడుగుతవారా? నాగాలెక్కువైనయని ఆఫీసుల ఇప్పటికే గట్టిగ చెప్పిన్రు. ఇయ్యాల మస్టర్ల హాజరు పడకపోతే నౌకరి ఏంగావాలె?"

"తియ్యవే, పిలగాడు ఎరుకలేక అడిగిండు" అన్నాడు బావ. ఆ పిలగాడికి నలభై దాటాయి.

ఈలోగా షిఫ్టు బస్సు వెళ్లిపోయింది. నేను బండి తీసి బావను వెనక కూర్చోబెట్టుకున్నాను. నాకు శకునాల మీద నమ్మకం లేదు. లేదని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకుంటూ నడిపాను. నిజానికి భయంతో చచ్చిపోతున్నాను.

గేటుకు టైముకే చేరాం. బావ దిగాడు. క్షేమంగా వస్తావు కదా అని అడగాలనిపించింది. ఏ భాషలో ఎలా అడిగితే దోషం తగలదో నాకు తోచలేదు.

"మాపటికి చేపలు తెస్త బావా" అన్నాను.

బావ నవ్వాడు. "తే. నేనొచ్చినంకనే పొయ్యి మీద పెట్టుమను మీ అక్కను. సల్లారితే నాకు తినబుద్ధి కాదు."

'నేనొచ్చినంకనే' అన్న ఆ మాట పట్టుకుని తిన్నగా బజారుకు పోయి, మా ముగ్గురికీ రెండు రోజులైనా తరగనన్ని చేపలు కొన్నాను.