తీగల టోపీ అక్క

ఆసుపత్రి రెండో అంతస్తులో ఆమెను అందరూ టోపీ అక్క అంటారు. రోగి తలకు మెదడు స్పందనలు పట్టే తీగల టోపీ తొడిగి, దాని రంధ్రాల్లో జెల్ నింపుతుంది. చల్లగా తగలకూడదని ముందు ఆ జెల్ గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెడుతుంది. పనయ్యాక తల తుడిచి, పాపిడి తీసి మరీ పంపుతుంది. పక్షవాతంతో రెండేళ్లుగా కాలూ చెయ్యీ మాటా పడిపోయిన భర్తను తీసుకొచ్చిన ఇల్లాలికి ఆమె ఓపిగ్గా చెప్పింది. "తెర మీద అక్షరాలు మెరుస్తాయమ్మా. సంతలో ఎవరో మన పేరు పిలిస్తే ఉలిక్కిపడమూ? తనకు కావలసిన అక్షరం మెరిస్తే మెదడూ అంతే. టోపీ దాన్ని పట్టేస్తుంది. ముందు ముందు చక్రాల కుర్చీ కూడా ఇలాగే నడిపేస్తారు."

"కుర్చీ సంగతి తర్వాత తల్లీ, నాతో ఒక్క మాట అంటే చాలు."

అరగంటకు తెర మీద "కిటికీ" అని వచ్చింది. ఇల్లాలు గబుక్కున లేచింది. "తీయమంటున్నారు! గాలంటే ఆయనకు ప్రాణం. ఇంట్లో ఎప్పుడూ తీసే ఉంచుతాను."

టోపీ అక్క ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఆగండమ్మా, ఆయన్నే చెప్పనివ్వండి."

ఇంకాసేపటికి "మూయి చలి" అని వచ్చింది. "ఇంట్లో కిటికీ! రెండేళ్లుగా చలికి వణికారన్నమాట!" అంది ఇల్లాలు. అయినా టోపీ అక్క టోపీ తీయలేదు. అక్షరాలు ఇంకా పడుతున్నాయి. "పిచ్చిదానా."

"చూశారా, ఆ ఒక్క మాట కోసం ఇంకో పావుగంట కష్టపడ్డారు!" అంది టోపీ అక్క. ఇల్లాలు నవ్విందో ఏడ్చిందో తనకే తెలియలేదు.

ఆయన పోయి ఏడాదైంది. ఇప్పటికీ పొద్దు వాలగానే ఆమె లేచి కిటికీ మూస్తుంది. మూస్తూ, ఆ రోజు తనను కూర్చోబెట్టిన వెచ్చని చేతికి మనసులోనే దణ్ణం పెట్టుకుంటుంది.