మెట్లెక్కిన డ్రిల్లు టీచరు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, నొప్పి అనేది పెద్దవాళ్లు పని తప్పించుకోవడానికి చెప్పుకునే సాకని నా గట్టి నమ్మకం. గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు టీచర్ని. వయసు ఇరవై నాలుగు, మెళ్లో ఈల, అది ఊదితే ఊరంతా లేచి నిలబడుతుందన్న ధీమా. ఒకరోజు ఖోఖోలో చటుక్కున ఎలా తిరగాలో ఆడపిల్లలకు చూపిస్తూ నేను తిరిగాను, నా పాదం తిరగలేదు. మోకాల్లో ఏదో టప్‌మంది. కీలులో మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగిందని స్కానింగులో తేలింది. చిరిగినంత మేర కోసి తీసేశారు. (రెండే రెండు చిన్న గాట్లు. పళ్లు పట్టుకుని చూడవచ్చినవాళ్లు “ఇంతేనా!” అని నిరాశపడ్డారు.)

నెల తిరిగేసరికి గంతులేస్తాననుకున్నాను. మూడు నెలలైనా మెట్లు దిగాలంటే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. మా కరస్పాండెంట్ గారు చెడ్డవారు కాదు గానీ, డ్రిల్లు టీచరు కుర్చీలో కూర్చుని ఈలేయడం ఎన్నాళ్లని చూస్తారు? “చూడమ్మా, స్పోర్ట్స్ డేకి మార్చ్‌పాస్ట్ నువ్వే నడిపించి, స్టేజీ ఎక్కి చీఫ్ గెస్టు గారికి సెల్యూట్ కొట్టాలి. కుదరదంటే చెప్పు, ఎల్‌కేజీలో ఆయమ్మకి తోడుగా వేస్తాను,” అన్నారు.

సెలవు పెట్టి, బందరులో ఎండుచేపలమ్మే మా మేనత్త ఇంట్లో దిగాను. అక్కడ ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నా కాలు అటూ ఇటూ తిప్పి చూసి, “ఆపరేషన్ బాగానే జరిగిందండీ. నొప్పికి భయపడి మీరే కాలు కదపలేదు. తొడ కండ కరిగిపోయి, బరువంతా కీలు మీద పడుతోంది,” అంది. పడుకుని, మడమకు కిలో బరువు కట్టుకుని, కాలు వంచకుండా పైకి లేపాలట. అత్త వెంటనే కిలో ఎండుచేపల పొట్లం నా మడమకు కట్టింది. (నా కాలు లేచినప్పుడల్లా వీధిలో పిల్లులన్నీ తలలెత్తేవి.)

“అత్తా, నొప్పే!”

“నిన్నటికంటే ఎక్కువుందా?”

“లేదు.”

“మరైతే లేపు. ఇరవై అని పదిహేడుతో ఆపితే నేను చూడననుకున్నావా?”

ఇలా రెండు నెలలు. చేపల బరువు పెరిగింది, నా తొడకు కండ పట్టింది, నొప్పి మెల్లగా వెనక్కి తగ్గింది.

స్పోర్ట్స్ డే రానే వచ్చింది. గ్రౌండు చుట్టూ కుంటకుండా నడిచాను. స్టేజీకి ఎనిమిది మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆరో మెట్టు మీద మోకాలు కటుక్కుమంది. ఆగిపోయాను. బ్యాండు కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో, ప్రత్యేకంగా బందరు నుంచి బస్సెక్కి వచ్చిన మా అత్త గొంతు మార్కెట్లోలాగే మోగింది: “లేపవే!” మరుక్షణం గ్రౌండంతా, “లేపండి టీచర్!” లేపాను. ఏడు, ఎనిమిది! నేను కొట్టిన సెల్యూట్‌కి చీఫ్ గెస్టు గారు ఉలిక్కిపడి లేచి, తనూ సెల్యూట్ కొట్టేశారు. కరస్పాండెంట్ గారు చప్పట్లు కొడుతూ, “ఆయమ్మకి తోడుగా ఇంకెవరినైనా చూద్దాంలే,” అన్నారు.

ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాను. ముసురు పట్టిన రోజుల్లో ఆ మోకాలు కాస్త సణుగుతుంది, నేనూ పరుగు తగ్గించుకున్నాను. ఎనిమిది మెట్లెక్కి హిమాలయం ఎక్కినట్టు రొమ్ము విరుచుకున్న ఆ పిల్లని తల్చుకుంటే నవ్వొస్తుంది. (అయితే ఒక మాట. ఆ తర్వాత నేనెక్కిన ఏ ఎత్తూ అంత ఎత్తనిపించలేదు.)