ప్రమీల కుడిచెయ్యి

ప్రమీల కుడిచేతికి మూడుసార్లు దెబ్బలు తగిలాయి. మూడుసార్లూ మధ్యాహ్నం రెండు దాటాకే. టీవీలో మొగుడూపెళ్లాల పంచాయితీ ప్రోగ్రాం వచ్చేది ఆ వేళకే.

పాల్వంచ దాటాక, భద్రాచలం వైపు అడవి అంచున ఆమె ఊరు. తల్లి కన్నమ్మ దగ్గర వెదురు పని నేర్చింది. తిరుమలాయపాలెం మిర్చి రైతులు ఆమె గంపలే అడిగి తీసుకుపోతారు. మూడు పంటలు మోసినా అంచు ఊడదు. మొగుడు ప్రభాకర్ ట్రాక్టర్ నడుపుతాడు. తాగితే కొడతాడు. పన్నెండేళ్ల కాపురంలో వెదురు ముట్టలేదు. "ఆడోళ్ల పని" అనేవాడు.

ఒకనాడు దెబ్బలు తాళలేక, టీవీలో కింద తిరిగే నంబరుకు ప్రమీల ఫోన్ చేసింది. ఇద్దరినీ హైదరాబాద్ పిలిచారు. ఎత్తు కుర్చీలో జడ్జిలా కూర్చున్న మేడం అంతా విని, "చెప్పు తీసి కొట్టమ్మా" అంది. ప్రమీలకు చెయ్యి లేవలేదు. ప్రభాకరే గొణిగాడు: "కొట్టవే, జల్దీ బస్సుకు పోదాం."

కొట్టింది. కెమెరాలో సరిగ్గా పడలేదంటే మళ్లీ కొట్టింది. తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే పొట్లంలో పల్లీలు తిన్నారు. "గట్టిగనే కొట్టినవ్" అని అతను నవ్వాడు కూడా.

ప్రోగ్రాం వచ్చిన రోజు కల్లు దగ్గర ఎవడో అడిగాడు: "ప్రభాకరన్నా, చెప్పు సైజు ఎంతనే?" అందరూ నవ్వారు. అతను ఇంటికొచ్చి పొయ్యికట్టెతో ఆమె ముంజేతి మీద కొట్టాడు. "ఈ చెయ్యే గదా! ఈ చెయ్యే!"

రెండు నెలలకు అదే ప్రోగ్రాం మళ్లీ వేశారు. ఆ రోజు అదే చేతి ఉంగరపు వేలు వెనక్కి విరిచాడు. విరిగిన చప్పుడు పక్కింటికి వినిపించింది. ఊరి పెద్ద సీతయ్య పదిమందిలో నిలబెట్టి తప్పు ఒప్పించాడు. ప్రభాకర్ ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. టీవీ మూడోసారి వేసింది. ఈసారి ఆమె చేతిని రోటి అంచు మీద పెట్టి రోకలితో మోదాడు. రెండు గోళ్లు ఊడాయి. బొటనవేలు నెలరోజులు వంగలేదు. బొటనవేలు పోతే కత్తి నిలవదు. కత్తి నిలవకపోతే గంప లేదు.

ఇక వెయ్యొద్దని ప్రమీల టీవీ వాళ్లకు ఫోన్ చేసింది. "మీ ఎపిసోడ్ జనం బాగా చూస్తున్నారమ్మా, ఇంకోసారి వస్తారా?" అంది అక్కడి అమ్మాయి.

నాలుగోసారి వేస్తారని టీవీలో ముందే చూపించారు. సీతయ్య వచ్చాడు. "బిడ్డా, ఇయ్యాల మీ అమ్మింటికి పో."

"ఎన్నిసార్లు పోవాలె పెద్దయ్యా? వాళ్లు ఎన్నిసార్లు ఏస్తరో ఎవలికి ఎరుక?"

ఆమె పాకలో కూర్చుని పచ్చి వెదురు చీరింది. రోజూ బద్ద చీరగానే అంచు గీకి నున్నగా చేస్తుంది. ఆ రోజు గీకలేదు.

రెండున్నరకు ప్రభాకర్ గొడ్డలి ఊడదీసిన కామ కర్ర పట్టుకొని వచ్చాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ప్రమీల బద్ద ఎత్తింది. అతను కామ ఎడమచేతికి మార్చి, కట్టె గుంజుకున్నట్టు బద్దను కుడి పిడికిట పట్టి లాగాడు. వెదురు పని తెలిసినవాళ్లెవరూ పచ్చి అంచును అట్లా పట్టి లాగరు. అరచెయ్యి ఈ చివరి నుంచి ఆ చివరికి తెరుచుకుంది. తెల్లగా నరాలు కనిపించాయి, తర్వాత నెత్తురు. మోకాళ్ల మీద కూలిపోయాడు.

ఆమె ఇంకో బద్ద తీసి అతని మెడకు ఆనించింది.

"మళ్ల కొడతవా?"

"వద్దే... వద్దు ప్రమీలా."

బద్ద పక్కన పెట్టి, కొంగు చించి అతని చెయ్యి గట్టిగా కట్టింది. కేక విని వచ్చిన సీతయ్య ఆటో పిలిచాడు. దవాఖానాలో డాక్టర్ అడిగాడు: "ఎట్ల తెగింది?"

ప్రభాకర్ పెళ్లాం వైపు చూశాడు. "వెదురు పని చేస్తుంటే..."

"పని రానోడు ముట్టుకుండు సారూ" అంది ప్రమీల.

అతని రెండు వేళ్లు ఇప్పటికీ ముడవవు. ట్రాక్టర్ స్టీరింగు ఎడమచేత్తో తిప్పుతాడు. మొన్న మళ్లీ పక్కింటి టీవీలో ఆ చెప్పుదెబ్బ వినిపించింది, వెంటనే రెండోది. అరుగు మీదున్న ప్రభాకర్ ఆమె చేతిని చూశాడు, పక్కనున్న బద్దల కట్టను చూశాడు. లేవలేదు.

ప్రమీల తలెత్తలేదు. బద్ద చీరేటప్పుడు చూపు కత్తి మీదే ఉండాలి.